గూట్లోని గుడ్లు

సాంచాల దగ్గర ఇరవై ఆరేళ్లు నిలబడ్డ మనిషికి గుసగుసలాడటం చేతకాదు. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. ఒక షెడ్డులో పదహారు సాంచాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కవాణ్ని మంచినీళ్లు అడగాలన్నా అరవాల్సిందే. అట్లా అరిచి అరిచి బాలమల్లుకు గొంతు పెరిగింది, వినికిడి తగ్గింది. పెళ్లాం సక్కుబాయికి ఇంట్లో ఏదైనా రహస్యం చెబితే వాడకట్టంతా వినేది. వాడకట్టు నవ్వుకునేది, ఆయనా నవ్వేవాడు. నవ్వులాటగా సాగినన్నాళ్లు బాగానే సాగింది. ఒకే ఒక్కసారి, ఒక అబద్ధాన్ని ఒకరి చెవిలో మాత్రమే వేయబోయి పద్నాలుగు మంది చెవుల్లో వేశాడు. ఆ అబద్ధంతో ఆయన ఏడు గురువారాలు కాపురం చేయాల్సి వచ్చింది.

ఆ మాట అన్నది కరీంనగర్‌లో, మిషన్ కాంపౌండులోని పాత హాస్టల్ వంటగదిలో. తాగుడు మానుకుంటున్నవాళ్లకు అక్కడ ప్రతి గురువారం వంట నేర్పుతారు. మీసాలున్న మగవాళ్లకు వంటేమిటని మీకు నవ్వు రావచ్చు. సిరిసిల్ల బస్టాండులో బాలమల్లును ఆపి మరీ నవ్వినవాళ్లున్నారు. కానీ దవాఖానలో మత్తు మాన్పించే డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. ఏళ్ల తరబడి తాగినవాడి ఒంట్లో సత్తువ మిగలదు. సాయంత్రం ఆకలి వేస్తే అది ఆకలని కూడా వాడికి తెలియదు, తాగాలనిపిస్తోందనుకుని లేచి కల్లు దుకాణానికి పోతాడు. ఆ వేళకు కడుపులో ఏదో ఒకటి పడాలి, దాన్ని వాడే వండుకోగలగాలి. ఎవరో వండిపెడతారని కూర్చుంటే ఆ లోపల కాళ్లు అటే నడుస్తాయి. అందుకని ఈ క్లాసు.

నేర్పేది ఎలీసబెతమ్మ. అరవై దాటిన మనిషి. ముప్పై ఏళ్లు ఆ వంటగదిలోనే హాస్టలు పిల్లలకు వండింది. హాస్టలు మూతపడ్డా వంటగది తాళంచెవి మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, అడిగే ధైర్యం కూడా ఎవరూ చేయలేదు. మొదటి గురువారం ఆమె బల్ల మీద ఒక గంప పెట్టి, దాని మీది తువ్వాల తీసింది. గంప నిండా గుడ్లు.

"గుడ్డు ఉడకబెట్టుడు రానోడు ఎవడన్న ఉంటే సిగ్గుపడకుండ చెప్పుండ్రి. ఆడికెల్లే మొదలువెడ్దాం," అంది.

"ఉడికిన గుడ్డు తినుడు వస్తది గదమ్మా, గది సాలదా?" అన్నాడు ఆటో నడిపే గోపాల్. అందరూ నవ్వారు. ఎలీసబెతమ్మ ఒక్కొక్కరి అరచేతిలో ఒక్కో గుడ్డు పెట్టుకుంటూ వచ్చింది. బాలమల్లు దగ్గరికి వచ్చేసరికి ఆయన చేయి తెరుచుకోలేదు. ఆయన ముందుకు వంగి, తాను గొంతు తగ్గించాననే నమ్మకంతో, ఆమె చెవిలో అన్నాడు:

"అమ్మా, నాకు మొక్కున్నది. మార్కండేయునికి. నలభై ఒక్క దినాలు గుడ్డు ముట్ట."

వంటగది మొత్తం తిరిగి చూసింది. గోపాల్ నవ్వు ఆపేశాడు. పొయ్యి దగ్గరున్న ఒక ముసలాయన "మంచిది, మంచిది" అని దండం కూడా పెట్టాడు. ఎలీసబెతమ్మ గుడ్డును జాగ్రత్తగా గంపలో పెట్టేసి, ఆ చేతిని కొంగుకు తుడుచుకుంది.

"ముందుగాల చెప్పద్దా బిడ్డా? ముట్టిస్తుంటి గదా," అంది, తప్పు తనదే అయినట్టు.

మొక్కూ లేదు, మార్కండేయుడూ లేడు. గుడ్డును చూస్తే బాలమల్లుకు సిగ్గుతో ఒళ్లు కాలేది, అంతే. ఆ సిగ్గుకు కారణం దాదాపు ఏడాది కిందటిది.

బాలమల్లు తాగింది మామూలు కల్లు కాదు. చెట్టు కల్లు తాగినవాడు తూలి పడుకుంటాడు, తెల్లారి లేస్తాడు. ఈయన తాగింది సీసాలో వచ్చే మందుకల్లు, మత్తుమందు కలిపింది. అది దొరికినన్నాళ్లు మనిషి మామూలుగానే కనిపిస్తాడు. ఒక్కపూట దొరక్కపోతే చేతులు వణుకుతాయి, మాట ముద్దవుతుంది, రెండోపూటకు మూర్ఛ వస్తుంది. అట్లా మూర్ఛ వచ్చి బాలమల్లు రెండుసార్లు వాకిట్లో పడి కొట్టుకున్నాడు. అప్పటికే షెడ్డులో ఆయన పని సగానికి తగ్గింది. సక్కుబాయి బీడీలు చుట్టి ఇల్లు నడిపేది. ఇంట్లో పనికొచ్చే వస్తువు ఏది కనిపించినా అది దుకాణానికి నడిచిపోతోందని, ఆమె బియ్యం కూడా సందుగలో పెట్టి తాళం వేసేది.

ఆ రోజుల్లోనే ఒక్కగానొక్క కూతురు భవ్యశ్రీ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆమెను ఇచ్చింది మంచిర్యాలకు. అల్లుడు నాగరాజు నెమ్మదైన పిల్లవాడు. ఏడో నెల కడుపుతో బిడ్డ ఇంటికొస్తే తండ్రి అనేవాడు ఏం చేయాలో బాలమల్లుకు తెలియక కాదు. తెలుసు. మాంసమో చేపో తేవాలి, రోజూ పాలు పోయించాలి, బిడ్డ కంచంలోకి తొంగిచూసి "ఇంకింత తిను" అనాలి. ఆయన ఇవేమీ చేయలేదు. రక్తం తక్కువుంది, నడవొద్దని డాక్టరమ్మ చెప్పడంతో, అంగన్‌వాడీలో కూర్చుని తినాల్సిన గుడ్లను అక్కడి ఆయమ్మే వారానికోసారి ఇంటికి తెచ్చిచ్చేది. ఆ గుడ్లు వాకిలి పక్కన గోడ గూట్లో, బీడీల చాట కింద ఉండేవి.

బాలమల్లు వాటిని ఎత్తుకుపోయాడు.

ఒకసారి కాదు, దాదాపు రోజూ. ఒకటో రెండో చొక్కా జేబులో వేసుకుని, చేయి అడ్డం పెట్టుకుని, కల్లు దుకాణం ముందు ఉడికిన గుడ్లూ, శనగ గుడాలూ అమ్మే ఆమె దగ్గరికి పోయేవాడు. ఆమె గుడ్లు తీసుకుని లోపలికి కేక వేస్తే సీసా వచ్చేది. బియ్యానికి కూడా తాళం వేసే ఇంట్లో గుడ్లు మాత్రం చేతికందేట్టు గూట్లో ఎందుకుంటున్నాయని ఆయన ఒక్కనాడూ ఆలోచించలేదు. తాగేవాడికి దొరకడమే ముఖ్యం, ఎందుకు దొరికిందన్నది కాదు.

భవ్య నెలలు నిండకముందే ప్రసవించింది. ఆడపిల్ల, కిలోన్నర దాటీ దాటకుండా ఉంది. పద్దెనిమిది రోజులు అద్దాల పెట్టెలో పెట్టారు. డాక్టర్లు చాలా కారణాలు చెప్పారు. బీపీ అన్నారు, ఉమ్మనీరు అన్నారు, రక్తం తక్కువ అన్నారు. బాలమల్లు చెవికి ఎక్కింది ఆ చివరి మాట ఒక్కటే. దవాఖాన నుంచి భవ్య పుట్టింటికి రాలేదు. పురుటి స్నానానికీ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. నేరుగా మంచిర్యాల వెళ్లిపోయింది. అవ్వ సక్కుబాయికి ఫోన్ చేసేది, బాపును అడిగేది కాదు. గుడ్ల సంగతి దానికి తెలిసిపోయిందని, తన మొహం చూడటం ఇష్టం లేకనే రావడం లేదని ఆయనకు ఖాయమైపోయింది.

ఇంత జరిగాక మానాడా అంటే, అప్పుడూ మానలేదు. ఈ మాట దాచిపెట్టి ఆయన్ను మంచివాణ్ని చేయడం నాకిష్టం లేదు. ఇంకో ఆరు నెలలు తాగాడు. చివరికి దుకాణం నాలుగు రోజులు మూతపడితే, సాంచా ముందే మూర్ఛ వచ్చి పడ్డాడు. చేయి తిరుగుతున్న బెల్టు పట్టాలో పడాల్సింది, జానెడు దూరంలో తప్పింది. షెడ్డు ఆసామి భయపడి కరీంనగర్ దవాఖానలో చేర్పించాడు. అక్కడ మూడు వారాలు మంచానికి అతుక్కుని, నోటికొచ్చిన తిట్లు తిట్టి, ఏడ్చి, చివరికి తేరుకున్నాడు. తేరుకున్నాక మొదట గుర్తొచ్చినవి గూట్లోని గుడ్లే. ఆ తర్వాత వారానికే ఎలీసబెతమ్మ గంప.

రెండో గురువారం ఆయన వంటగదిలోకి అడుగుపెట్టేసరికి, గోడకు వేలాడే పెనాల్లో ఒకదాని పిడికి పసుపు దారం కట్టి ఉంది.

"గది నీది బాలమల్లూ," అంది ఎలీసబెతమ్మ. "ఎవ్వలు ముట్టరు. గుడ్డు గీచిన పెనంల నీకు చేస్తే నీ మొక్కు చెడుతది."

గుడ్డును పగలగొట్టి పెనంలో గరిటెతో గీకుతూ వేయించడాన్ని ఆ వైపు గీచడమంటారు. బాలమల్లు పెనాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. దేవుడి ముందు నిలబడి అబద్ధమాడినా అంత బాధ ఉండేది కాదేమో. దేవుడు పెనాలు తోమడు కదా.

అక్కణ్నుంచి వంట సాగింది. పెసర్లు నానబెట్టి గుడ్డలో కట్టి మొలకలు తీయడం నేర్చుకున్నాడు. మక్క గటక ఉండ కట్టకుండా తిప్పడం, గంగవాయిలి కూర వేసి పప్పు వండటం, పల్లీలు మాడకుండా వేయించడం నేర్చుకున్నాడు. జొన్నపిండితో అంబలి కాయమంటే మొదటిసారి నూలుకు పట్టించే గంజిలాగా చిక్కగా, ఉప్పు లేకుండా కాచాడు. చిన్నప్పుడు తాత మగ్గానికి గంజి కాచి ఇచ్చిన చేయి మరి. ఎలీసబెతమ్మ గరిటె ఎత్తి చూసి, "గిది తాగేటందుకా, చీరెకు పెట్టేటందుకా?" అంది. వంటగదంతా పకపకలాడింది, ఆయన కూడా నవ్వాడు. అంతలోనే కంటికి పసుపు దారం కనిపించి నవ్వు ఆగిపోయింది.

పని మాత్రం ఆయనకు బాగా పట్టుబడింది. తెగిన పోగును కంటికి కనిపించకుండా ముడివేసే వేళ్లవి. ఉల్లిగడ్డ తరిగితే పక్కవాళ్లు వచ్చి చూసేవాళ్లు. సాయంత్రం ఐదవుతుంటే, కాళ్లు దుకాణం వైపు లాగే వేళకు, ఇంట్లో పొయ్యి ముట్టించి గుప్పెడు మొలకలు తాలింపు వేసుకునేవాడు. సక్కుబాయి బీడీలు చుడుతూ ఓరకంట చూసేది, ఏమీ అనేది కాదు. నాలుగో వారం చాట పక్కన పెట్టి చేయి చాపింది. ఆయన ఆ చేతిలో కాసిని మొలకలు పోశాడు. తిని, "ఉప్పు సరిపోయింది," అంది. ఇరవై మూడేళ్ల కాపురంలో ఆయన వండి ఆమె తిన్నది అదే మొదటిసారి.

అంతా బాగుపడుతున్నకొద్దీ ఆ అబద్ధం ఒక్కటే కంట్లో నలుసయింది. గుడ్డు కూర చేసిన రోజు అందరూ ఒక వరుసలో కూర్చుంటే ఆయన్ను వేరుగా, కిటికీ పక్కన శుభ్రమైన పీట మీద కూర్చోబెట్టేవాళ్లు. గోపాల్ ఆయనకు బీడీ ఇవ్వడం కూడా మానేశాడు, "మొక్కు మీద ఉన్నోడికి ఎట్లిస్త?" అన్నాడు. దొంగను తీసుకొచ్చి పూజారిని చేస్తే ఎట్లుంటుందో అట్లుంది ఆయనకు.

ఇక లాభం లేదనుకుని ఐదో గురువారం మొదటి బస్సుకే బయలుదేరాడు, ఎవరూ రాకముందే ఆమెతో చెప్పేయాలని. వెళ్లేసరికి ఎలీసబెతమ్మ పెరట్లో పంపు దగ్గర కూర్చుని ఆ పెనం తోముతోంది. తల తడిగా ఉంది. పక్కన కొత్త పీచు.

"గింత పొద్దుగాలనా? జరాగు," అంది. "తానం చేసినంకనే తోముతున్నలే, ఫికర్ చెయ్యకు. పీచు సుత కొత్తది తెచ్చిన. మీదాంట్ల ఎట్లుంటదో మాకు తెల్వది గద, పక్కింటి మమతారాణిని అడిగి తెలుసుకున్న."

"అమ్మా, ఒక మాట..." అన్నాడు బాలమల్లు.

ఆమె విన్నట్టు లేదు. పెనాన్ని నీళ్లలో తిప్పుతూ తన మాట తాను చెప్పుకుంటూ పోయింది. "మా ఇంటాయన మైసయ్య గిట్లనే ఒక్క మొక్కన్న మొక్కుకుంటే బతుకుతుండె. రెండువందల మంది పిల్లలకు వండిన బిడ్డా నేను. ఇంట్ల ఒక్క మనిషి కడుపుల బుక్కెడు నిలపలేకపోయిన. ఏది వెట్టినా కక్కుతుండె, మల్ల తాగుతుండె. నలభై ఒకటో ఏట పోయిండు. నువ్వు నలభై ఒక్క దినాలకు మొక్కి ఒక మాట మీద నిలవడ్డవ్ సూడు, గది సూస్తే నాకు పానం నిమ్మలమైతది."

ఇంత చెప్పిన మనిషితో, అమ్మా అదంతా అబద్ధమని ఏ నోటితో అంటాడు? పెనం అందుకుని లోపలికి వెళ్లి గోడకు తగిలించాడు. ఆ రోజు చేసిన పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాడు.

ఏడో గురువారం ఆఖరి క్లాసు. ఆ రోజు ఎవరి ఇంటివాళ్లను వాళ్లు పిలుచుకుని, తాము వండింది వాళ్లకు వడ్డించాలి. బాలమల్లు ఇంట్లో ఆ మాట చెప్పలేదు. కాగితాల మీద సంతకాలు పెట్టే రోజని సక్కుబాయికి చెప్పాడు. అబద్ధానికి అబద్ధం తోడు. ఒక్కడే వచ్చాడు. అందరి పక్కనా పెళ్లాలో తల్లులో ఉన్నారు. ఆయన కిటికీ పక్కన తన పీట దగ్గర నిలబడి వంకాయలు తరగబోతుంటే ఎలీసబెతమ్మ ఆపింది.

"వంకాయ కాదు. మొన్న మంగళారంతోని నీ మొక్కు తీరింది. నేను లెక్కవెట్టిన. ఇయ్యాల నీకు గుడ్డు." ఆమె మొహం వెలిగిపోతోంది. "మొక్కు ఇడిసేటప్పుడు ఇంటి ఆడిబిడ్డ ఉండాల్నంట గద. సక్కుబాయికి ఫోన్ చేసి నీ బిడ్డ నంబరు తీసుకున్న. పిలిపిచ్చిన."

గుమ్మంలో భవ్యశ్రీ నిలబడి ఉంది. చంకలో తొమ్మిది నెలల పిల్ల.

పిల్ల చిన్నగానే ఉంది, కానీ కళ్లు చురుగ్గా ఉన్నాయి. వంటగదిలోని మీసాలన్నింటినీ ఒక్కొక్కటిగా చూస్తోంది. బాలమల్లు మనవరాలిని అంత దగ్గర నుంచి చూడటం అదే మొదలు. ఆయనకు పరుగెత్తి పోవాలనిపించింది. ఎటు? ముందుకు పోయి పిల్లను ఎత్తుకోవడానికా, వెనక తలుపులోంచి బయటపడటానికా? ఆయనకే తెలియలేదు. వంకాయల దగ్గరే నిలబడిపోయాడు.

"ఏం మొక్కమ్మా?" అని అడిగింది భవ్య.

"మీ బాపు మొక్కే బిడ్డా. మార్కండేయునికి. నలభై ఒక్క దినాలు గుడ్డు ముట్టలే. గిదో, గీ పెనం సుత యేరుగ వెట్టిన." ఎలీసబెతమ్మ పెనం దించి, గంపలోంచి గుడ్డు తీసి బాలమల్లు చేతిలో పెట్టింది. "గీచి పెట్టు, నీ బిడ్డ చేత్తోని తిను."

గుడ్డు అరచేతిలో చల్లగా ఉంది. భవ్య ఆ గుడ్డు వంక చూసింది. తండ్రి మొహం వంక చూసింది. ఆమెకు అర్థమైపోయిందని ఆయనకు అర్థమైంది. ఇప్పుడు నోరు మూసుకుంటే సరిపోతుంది. గుడ్డు గీస్తే, కూతురు తినిపిస్తే, అందరూ చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు వింటూ బతకాలి. అది తన వల్ల కాదని ఆయనకు తెలిసింది.

ఎలీసబెతమ్మకు మాత్రమే వినిపించేట్టు చెబుదామనుకున్నాడు. కానీ ఆ గొంతు సంగతి మీకు ముందే చెప్పాను.

"మొక్కు లేదమ్మా. అబద్ధం చెప్పిన. బిడ్డ కడుపుతోనుంటే, దానికి అంగన్‌వాడీల ఇచ్చిన గుడ్లు నేను ఎత్కపోయిన. కల్లుకు ఇచ్చిన. దినాం ఎత్కపోయిన. పిల్ల గిట్ల పుట్టింది. గుడ్డు సూస్తే పానం పోతుండె, గందుకే మొక్కన్న."

ఎవరి కూరో అడుగంటిన వాసన వస్తోంది. ఎవరూ కదల్లేదు. గోపాల్ తల దించుకున్నాడు. అక్కడున్న ప్రతివాడికీ ఇట్లాంటి గూడు ఒకటి ఏదో ఇంట్లో ఉండే ఉంటుంది.

ఎలీసబెతమ్మ ఆ పెనం వంక చూసింది. "చలిల తానం చేసి తోమిన బాలమల్లూ," అంది. తిట్టినా బాగుండేది. "మీ దేవునికి తక్కువ చెయ్యద్దని."

"తెలుసమ్మా," అన్నాడు. నేల వైపే చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు భవ్య కదిలింది. పిల్లను ఎలీసబెతమ్మ చేతికిచ్చి తండ్రి దగ్గరికి వచ్చి ఏదో అంది. మెల్లగా అంది. ఆయనకు ఆమె పెదవులు కదలడం కనిపించింది కానీ మాట అందలేదు.

"ఇనపడలే బిడ్డా."

ఆమె మునివేళ్ల మీద లేచి, ఆయన చెవి దగ్గర చేయి అడ్డం పెట్టి చెప్పింది. ఆ మాటలు ఆయన ఒక్కడికే వినిపించాయి.

"నువ్వు ఎత్కపోలే బాపూ. నేనే పెట్టిన. అవ్వ సందుగల పెట్టి తాళం ఏస్తుండె. నేను తీసి గూట్ల పెడుతుంటి. తాగకుంటే నీకు ఫిట్స్ వస్తుండె గద, వాకిట్ల పడి కొట్టుకుంటుంటివి. నాకు సూడబుద్ధి కాకపోయేది. ఆయమ్మ అడిగితే తిన్ననని చెప్తుంటి."

గూడు, చాట, చాట కింద గుడ్లు. రోజూ చేతికందేంత దూరంలో. ఇంతకాలం తనను దొంగ అనుకున్నాడు. దొంగైనా కొంత నయం. ఏడో నెల కడుపుతో, నడవొద్దన్న పిల్ల, గోడ పట్టుకుని లేచి, తన కంచంలోది తీసి, తండ్రి ఎత్తుకుపోవడానికి వీలుగా పెట్టింది. ఎత్తుకుపోతుంటే కళ్లు మూసుకుని పడుకున్నట్టు నటించింది. అంత సిగ్గు ఆ మనిషికి జన్మలో ఎప్పుడూ కలగలేదు.

"మరి... ఇంటికెందుకు రాకపోతివి?" అని అడిగాడు. ఈ ఒక్కసారి గొంతు నిజంగానే చిన్నదైంది.

"వస్తే మల్ల ఇస్త. నువ్వు గట్ల కొట్టుకుంటుంటే ఇయ్యకుండ ఉండుడు నాతోని కాదు బాపూ. గిప్పుడు నా చేతుల పిల్లున్నది, నీకు ఇయ్యాల్నంటే దాని నోటికాడిది తీసియ్యాలె."

ఎలీసబెతమ్మ పిల్లను భుజాన వేసుకుని వచ్చింది. కూరగాయల కత్తితో పెనం పిడికున్న పసుపు దారాన్ని తెంపి పొయ్యిలో పడేసింది. ఆ పెనాన్నే బాలమల్లు ముందు పెట్టింది.

"నూనె ఎయ్యి. బిడ్డ ఎప్పుడనంగ మంచిర్యాలల బస్సెక్కిందో ఏమో, ఆకలైతుండొచ్చు."

ఆయన నూనె వేశాడు. ఉల్లిగడ్డ తరిగింది ఉంది, పచ్చిమిర్చి ఉంది. మూడు వేళ్లతో కనిపించని ముడి వేసే మనిషికి ఆ రోజు ఒక గుడ్డు పగలగొట్టడం చేతకాలేదు. పెంకు ముక్క పెనంలో పడింది. తీయబోతే ఇంకా లోపలికి పోయింది. అట్లాగే గీచి, కంచంలో వేసి, కూతురి ముందు పెట్టాడు. ఆమె పీట మీద కూర్చుంది, ఆరు వారాలు ఆయన కూర్చున్న పీట మీదే. పెంకు ముక్కను వేలితో తీసి పక్కన పెట్టి, తినసాగింది.

ఆమె తింటున్నంతసేపూ బాలమల్లు తల ఎత్తలేదు. పొయ్యి ముందు నిలబడి ఖాళీ పెనం వంకే చూశాడు. ఆమె నమలడం వినాలని ఉంది, ఆయన చెవికి అది వినిపించదు. తిందో లేదో, కంచం తోసేసిందో తెలియడం లేదు. తిరిగి చూడటానికి ధైర్యం చాలడం లేదు.

వెనక నుంచి ఖాళీ కంచం వచ్చి ఆయన మోచేతికి తగిలింది.

"బాపూ," అంది భవ్య, ఈసారి ఆయనకు వినిపించేట్టు, వంటగది అంతటికీ వినిపించేట్టు. "ఇంకోటి గీచు."

బాలమల్లు గంపలోంచి ఇంకో గుడ్డు తీసుకున్నాడు.